రక్తం కనపడకపోతే దయేనా? ఎలుకల బోనుల లెక్క

ఎలుకల బాధ పడలేక హార్డ్‌వేర్ షాపుకి వెళ్తే కౌంటర్ మీదికి వచ్చేవి ఇంచుమించు నాలుగే: గమ్ ప్యాడ్, జాలీ బోను, స్ప్రింగు ట్రాప్, మందు బిళ్లలు. ఎక్కువమంది గమ్ ప్యాడ్ తీసుకుంటారు. చవక, పైగా పెద్ద పనేమీ ఉండదు. అట్ట విప్పి గ్యాస్ బండ వెనక పెట్టేస్తే సరి. "పాపం, వినాయకుడి వాహనం, చంపడం ఎందుకు" అనుకునేవాళ్లు బోను కొంటారు. స్ప్రింగు ట్రాప్ చూస్తే మాత్రం చాలామందికి ఒళ్లు జలదరిస్తుంది. టప్పుమని కొట్టి మెడ విరిచేసే వస్తువు కదా!

ఈ వరస తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. క్రూరత్వాన్ని మనం మన కంటికి కనిపించేదాన్ని బట్టి లెక్కేస్తున్నాం. రక్తం, విరిగిన మెడ, చప్పుడు కనిపిస్తే క్రూరం. అట్ట మీద అతుక్కున్న ఎలుకని కవర్లో చుట్టి చెత్తబండిలో వేసేస్తే మన చేతికి ఏమీ అంటలేదు కాబట్టి ఫర్వాలేదు. ఎలుక వైపు నుంచి చూస్తే లెక్క వేరు. ఎంతసేపు బాధపడింది, ఎంత భయపడింది, చివరికి ఏమైంది అన్నవే అక్కడ అసలు ప్రశ్నలు. ఆ లెక్కలో ఒక్కోదాన్నీ చూద్దాం. ముందు ఇంట్లో తిరుగుతున్నది ఏమిటో తేల్చుకోవాలి, ఎందుకంటే బోను ఎంపిక అక్కడే సగం తప్పుతుంది.

మన ఇళ్లలోకి వచ్చేవి మూడు రకాలు. చిట్టెలుక బరువు 15, 20 గ్రాములు. దీని పెంట బియ్యపు గింజంత ఉంటుంది, కొసలు సన్నగా ఉంటాయి. అటక మీద, పైపుల మీద పరుగులు తీసే ఇంటి ఎలుక దానికి చాలా రెట్లు పెద్దది, పెంట సెంటీమీటరు దాటుతుంది. డ్రైనేజీ పక్కన బొరియలు తవ్వే పందికొక్కు ఇంకా పెద్దది, కిలోకి అటూ ఇటూ తూగేవి కూడా ఉంటాయి. నాలుగోది అసలు ఎలుకే కాదు. మూతి పొడుగ్గా సాగి, కిచకిచమంటూ గోడ పక్కన పరిగెత్తే చుంచు. దాని కంపు భరించలేం కానీ అది తినేది ఎక్కువగా బొద్దింకల్ని, పురుగుల్ని. దాన్ని పట్టి చంపితే నష్టం మనకే. తలుపు తీసి బయటికి తోలేస్తే చాలు.

చిట్టెలుకకీ పెద్ద ఎలుకకీ స్వభావంలోనూ తేడా ఉంది. చిట్టెలుకకి కుతూహలం ఎక్కువ. కొత్త వస్తువు కనిపిస్తే వెళ్లి వాసన చూస్తుంది, కొరికి చూస్తుంది. రాత్రికి పాతిక చోట్ల కొంచెం కొంచెం తిని పోయే రకం. పెద్ద ఎలుక అనుమానాల పుట్ట. నిన్న లేని వస్తువు ఇవాళ దారిలో ఉంటే రోజుల తరబడి దాని దగ్గరికే రాదు. "ట్రాప్ పెట్టి నాలుగు రోజులైంది, ఒక్కటీ పడలేదు, వేస్టు" అని తిరిగి ఇచ్చేసేవాళ్ల ఇంట్లో ఉండేది చాలాసార్లు ఈ రెండో రకం. ఇక్కడి నుంచి నేను చెప్పేది ముఖ్యంగా చిట్టెలుక గురించే.

గమ్ ప్యాడ్ గురించి దాచిపెట్టి చెప్పడానికేమీ లేదు. అది చంపదు, అంటించి వదిలేస్తుంది. చావు దాహంతోనో, అలసటతోనో, ఊపిరాడకో వస్తుంది, అదీ గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి. విడిపించుకోవడానికి చర్మం చిరిగేదాకా లాక్కుంటుంది, తన కాలు తనే కొరుక్కుంటుంది. ఆ భయంలో అట్ట నిండా మూత్రం, పెంట పోస్తుంది. ఎలుకల రోగాలు మనకి ఎక్కువగా అంటేది వాటి నుంచే కాబట్టి శుభ్రత పేరు చెప్పి సమర్థించుకోవడానికి కూడా వీల్లేదు. పైగా దానికి ఎలుకా బల్లీ తేడా తెలియదు. బల్లులు, పిచ్చుకలు, అప్పుడప్పుడు పిల్లిపిల్లలు కూడా ఇరుక్కుంటాయి. అలా ఏదైనా ఇరుక్కుంటే పట్టి లాగకండి. చేతికి గ్లవ్స్ వేసుకుని, దాని మీద గుడ్డ కప్పి, అంటుకున్న చోట వంటనూనె పోసి మెల్లగా రుద్దుతూ ఉంటే జిగురు వదులుతుంది.

జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిరోధించే 1960 నాటి చట్టం కింద వీటి తయారీని, అమ్మకాన్ని ఆపమని భారత జంతు సంక్షేమ బోర్డు రాష్ట్రాలను కోరింది. చాలా రాష్ట్రాలు ఉత్తర్వులు కూడా ఇచ్చాయి. అయినా షాపుల్లో దొరుకుతూనే ఉన్నాయి, అది మనకి కొత్త కాదు. ఇంగ్లండ్‌లో 2022లో చేసిన చట్టం 2024 జులై 31 నుంచి అమల్లోకి వచ్చింది. లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లు తప్ప వేరెవరూ గమ్ ప్యాడ్ పెట్టకూడదు. వేల్స్ 2023లోనే పూర్తిగా నిషేధించింది. ఇక్కణ్నుంచి సూట్‌కేసులో ఊరగాయతో పాటు ఒక ప్యాకెట్ పట్టుకెళ్లి లండన్ ఫ్లాట్‌లో పెడితే అది నేరం.

మందు సంగతి. షాపులో దొరికే బిళ్లల్లో ఎక్కువ వాడకంలో ఉన్నది బ్రోమాడయొలోన్, 0.005 శాతం. రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న ఎలుక వెంటనే చావదు, సుమారు మూడు నుంచి ఏడు రోజులు లోపల రక్తం కారుతూ చస్తుంది. "తిన్నాక నీళ్లకోసం బయటికెళ్లి చస్తుంది" అని షాపులో చెప్తారు. అది వ్యాపారం మాట. ఎక్కడ నీరసం వస్తే అక్కడే, అంటే చాలాసార్లు అటక మీదో ఫాల్స్ సీలింగ్ లోపలో పడి చస్తుంది. వారం పాటు ఇల్లంతా కంపు, ఎక్కడుందో దొరకదు. మందు తిని తూలుతున్న ఎలుకని పట్టి తిన్న పిల్లికి, గుడ్లగూబకి కూడా విషం ఎక్కుతుంది. నల్లగా పొడి రూపంలో దొరికే జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ గ్యాస్ పుట్టిస్తుంది. మనిషి తింటే దానికి విరుగుడు లేదు. ట్యూబులో వచ్చే పసుపు భాస్వరం పేస్టు కాలేయాన్ని నాశనం చేస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఇవి తెచ్చి పెట్టుకోవడం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే.

2003లో జార్జియా మేసన్, కేట్ లిట్టిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల్ని చంపే పద్ధతులన్నిటినీ బాధ తీవ్రత, అది ఉండే సమయం అనే రెండు కొలతలతో పోల్చి చూశారు. రక్తం గడ్డకట్టనివ్వని మందులు, గమ్ ప్యాడ్‌లు చెత్త పద్ధతుల్లోకి వెళ్లాయి. బాగా తయారైన స్ప్రింగు ట్రాప్, కరెంటు ట్రాప్ మెరుగైనవాటిలో నిలిచాయి. అన్నిటికంటే ముందు వాళ్లు పెట్టింది అసలు ఎలుక ఇంట్లోకి రాకుండా చూసుకోవడాన్ని.

ఇక జాలీ బోను. దయగలవాళ్ల బోను కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చూడాలి.

మన ఊళ్లలో దొరికే బోను నిజానికి పెద్ద ఎలుక కోసం చేసింది. చెక్క పెట్టె, ఒక చివర ఇనప జాలీ, రెండో చివర పైకి లేచే తలుపు, లోపల ఎర గుచ్చడానికి కొక్కెం. కొక్కేన్ని లాగితే తలుపు పడుతుంది. చిట్టెలుకతో ఇక్కడ రెండు చిక్కులు. 20 గ్రాముల ప్రాణి కొక్కేన్ని లాగకుండానే ఎర కొసలు కొరుక్కుని దర్జాగా వెళ్లిపోతుంది. ఒకవేళ తలుపు పడినా, పెన్సిలంత సందు, అంటే 6 మిల్లీమీటర్లు, చిట్టెలుకకి చాలు. జాలీ కన్ను అంతకంటే పెద్దదైతే పొద్దున్నకి బోను మూసే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. కాబట్టి బోను కొనేటప్పుడు జాలీ సందులో పెన్సిలు పెట్టి చూడండి. పెన్సిలు దూరితే ఆ బోను చిట్టెలుకకి పనికిరాదు. ఎరగా ఎండు కొబ్బరి ముక్కని స్టవ్ మంట మీద కాస్త కాల్చి, దారంతో కొక్కేనికి గట్టిగా కట్టాలి. కాలిన కొబ్బరి వాసనకి ఎలుక వస్తుంది, కట్టి ఉంటుంది కాబట్టి లాగక తప్పదు.

అసలు చిక్కు పట్టుకున్నాక మొదలవుతుంది. చిట్టెలుక శరీరం చిన్నది, ఖర్చు ఎక్కువ. రోజుకి 3, 4 గ్రాములు తినాలి. బోనులో తిండీ తేమా లేకుండా ఒక రోజు ఉంటే చలికో, దాహానికో, భయానికో చచ్చిపోవచ్చు. శుక్రవారం రాత్రి బోను పెట్టి శని, ఆదివారాలు ఊరెళ్లొచ్చేవాళ్లు గమ్ ప్యాడ్ పెట్టినట్టే, పేరే వేరు. బోను పెట్టదలచుకుంటే ఉదయం, రాత్రి తప్పనిసరిగా చూడాలి. లోపల కాస్త దూది, ఒక దోసకాయ ముక్క ఉంచాలి. ఎలుక పడ్డాక పైన గుడ్డ కప్పితే చీకట్లో దాని కంగారు తగ్గుతుంది.

తర్వాత ఏం చేస్తారు? చాలా ఇళ్లలో జరిగేది నీళ్ల బకెట్. బోనుని బకెట్లో ముంచేస్తారు. చేతికి రక్తం అంటదు, ఎలుక మాత్రం నిమిషాల పాటు గిలగిల్లాడి చస్తుంది. జంతువుల్ని చంపడానికి ముంచడం ఒప్పుకోదగ్గ పద్ధతి కాదని అమెరికా పశువైద్యుల సంఘం మార్గదర్శకాలు స్పష్టంగా చెప్తాయి. ఇది "చంపని బోను" అని కొని బకెట్లో ముంచడం కంటే స్ప్రింగు ట్రాప్ కొనడం నయం.

మనసొప్పనివాళ్లు బైక్ మీద తీసుకెళ్లి రెండు వీధుల అవతల ఖాళీ స్థలంలో వదిలేస్తారు. అంటే మన ఎలుకని పక్కవాళ్ల ఇంటికి బదిలీ చేయడం. చిట్టెలుక మనిషి ఇంటిని నమ్ముకుని బతికే ప్రాణి. తెలియని చోట దానికి దాక్కునే సందు తెలియదు, తిండి ఎక్కడో తెలియదు. అక్కడ ముందే ఉన్న ఎలుకలు రానివ్వవు, పిల్లీ కాకీ కాచుకుని ఉంటాయి. మరీ దగ్గర వదిలితే తిరిగి మీ ఇంటికే వస్తుంది. కాబట్టి వదిలే పద్ధతి పనిచేసేది ఒక్క సందర్భంలోనే: అది వచ్చిన దారిని ముందు మూసేసి, తర్వాత సాయంత్రం పూట, పట్టిన చోటికి దగ్గర్లోనే, కట్టెల కుప్పో గోడ సందో ఉన్న చోట వదలడం. దారి మూయకుండా వదలడం పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం, మనకి రోజూ బైక్ డ్యూటీ.

బోనుకైనా స్ప్రింగు ట్రాప్‌కైనా వర్తించే చిక్కు ఇంకొకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. చిట్టెలుకకి గర్భం మూడు వారాలే. ఈతకి అయిదారు పిల్లలు మామూలు, ఆ పిల్లలు రెండు నెలలు తిరక్కుండానే పెద్దవైపోతాయి. తల్లిని పట్టేసి దూరంగా వదిలితే గూట్లో పిల్లలు ఆకలికి చస్తాయి. అందుకే ఎలుక జాడ కనిపించిన మొదటి వారంలోనే పని పూర్తి చేయడం అన్ని రకాలుగా మంచిది. నెల ఆగితే పట్టాల్సినవి పెరుగుతాయి, చంపాల్సినవీ పెరుగుతాయి.

స్ప్రింగు ట్రాప్‌కి చెడ్డపేరు రావడానికి కారణం ట్రాప్ కాదు, నాసిరకం ట్రాపులూ తప్పుగా పెట్టడమూ. ఇల్లినాయ్ రాష్ట్రంలోని అబింగ్డన్‌కి చెందిన విలియం హుకర్ 1894లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. చెక్క పలక, స్ప్రింగు, కొట్టే కడ్డీ, ఎర పెట్టే మీట. నూట ముప్పై ఏళ్లలో ఆకారం పెద్దగా మారలేదు. కడ్డీ తల మీదో మెడ మీదో బలంగా పడితే ఎలుకకి క్షణాల్లో స్పృహ పోతుంది. నడుము మీదో, కాలి మీదో, తోక మీదో పడితే అది నరకం. తేడా అంతా స్ప్రింగు బలంలో, ఎలుక నిలబడే చోటులో ఉంది.

2012లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్‌లో అమ్మే ట్రాపుల్ని యంత్రాలతో పరీక్షిస్తే, ఒకే పనికి అమ్మే ట్రాపుల మధ్య దెబ్బ బలంలో ఎన్నో రెట్ల తేడా కనిపించింది. జర్మనీ పర్యావరణ సంస్థ 2021లో ట్రాపుల్ని పరీక్షించే మార్గదర్శకాలు తెచ్చింది. కొట్టాక ఎంత వేగంగా స్పృహ పోతుందన్నది అందులో ముఖ్యమైన కొలత. మన షాపుల్లో డబ్బా మీద అలాంటి మార్కులేమీ కనిపించవు. కాబట్టి షాపులోనే ఎక్కుపెట్టించి, పాత పెన్సిల్‌తో మీట తాకించి చూడండి. తాకీ తాకగానే కొట్టాలి. కొట్టాక పెన్సిల్‌ని లాగితే తేలిగ్గా రాకూడదు. రెండుమూడుసార్లు తాకితే గానీ కదలని మీట, పెన్సిల్ జారిపోయే స్ప్రింగు ఉంటే అది ఎలుకని చంపదు, గాయపరుస్తుంది. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. సైజు కూడా ముఖ్యం. చిట్టెలుక ట్రాప్‌లో పెద్ద ఎలుక పడితే గాయంతో ట్రాప్‌ని ఈడ్చుకుంటూ పోతుంది. పెద్ద ట్రాప్ మీట చిట్టెలుక బరువుకి కదలకపోవచ్చు.

పెట్టే విధానం. చిట్టెలుక గది మధ్యలోంచి నడవదు, మీసాలు గోడకి తగిలేలా అంచు పట్టుకునే పోతుంది. అందుకే ట్రాప్‌ని గోడకి అడ్డంగా, మీట ఉన్న కొస గోడవైపు ఉండేలా పెట్టాలి. అప్పుడు ఎటువైపు నుంచి వచ్చినా తల మీట దగ్గరికి వస్తుంది. ఎర శనగగింజ కంటే ఎక్కువ అక్కర్లేదు. ఎక్కువ పెడితే అంచు నుంచి తిని పోతుంది. వేరుశెనగ చిక్కీ ముక్కని వేడిచేసి మీటకి అంటిస్తే చల్లారాక గట్టిపడుతుంది, ఎలుక కొరికి లాగాల్సిందే. తిండి పుష్కలంగా ఉన్న వంటింట్లో ఎరకి రాకపోతే మీటకి కాస్త దూది చుట్టండి. గూడు కట్టుకోవడానికి దూది కోసం వస్తుంది.

చిట్టెలుక గూటి నుంచి మహా అయితే ఎనిమిది, పది మీటర్లు తిరుగుతుంది. ఎక్కువసార్లు అంత కూడా పోదు. హాల్లో పెట్టిన ఒక్క ట్రాప్ వంటింటి గూట్లో ఉన్నదానికి ఎదురే పడదు. పెంట కనిపించిన చోటల్లా రెండు మీటర్లకొకటి చొప్పున ఒకే రాత్రి అయిదారు పెట్టడం, ఒక్కదాన్ని పెట్టి నెలంతా ఎదురుచూడటం కంటే చాలా మేలు. అది ఎలుకకీ మేలే, ఎందుకంటే తొందరగా అయిపోతే అవి పిల్లల్ని పెట్టవు. మొదటి రెండు రాత్రులు ఎక్కుపెట్టకుండా ఎర మాత్రమే ఉంచితే భయం పోయి ధైర్యంగా తింటాయి. మూడో రాత్రి ఎక్కుపెట్టండి. పెద్ద ఎలుకలైతే ఈ అలవాటు చేసే పని వారం దాకా పట్టవచ్చు. ఇంట్లో పాకే పిల్లలో, పిల్లో, బల్లులో ఉంటే రెండు చివర్లా చిన్న కన్నం కోసిన చెప్పుల పెట్టె లోపల ట్రాప్ పెట్టండి. పొద్దున్నే మొదట చూడాల్సింది అదే. ఎప్పుడైనా కాలితో ఇరుక్కుని బతికి ఉంటే వదిలేసి పోవడం దయ కాదు, తల మీద ఒక్క గట్టి దెబ్బతో ముగించాలి. అంత పని చేయలేమనుకుంటే కరెంటు ట్రాప్ కొనుక్కోవాలి.

కరెంటు ట్రాప్ అంటే బ్యాటరీలతో నడిచే చిన్న గుహ లాంటి పెట్టె. లోపలికి వెళ్లిన ఎలుకకి ఎక్కువ వోల్టేజీ షాక్ కొట్టి సెకన్లలో చంపుతుంది. ఖరీదు ఎక్కువ, బ్యాటరీ బలహీనపడితే దెబ్బ కూడా బలహీనపడుతుంది. అది చూసుకుంటే మంచి సాధనమే. మనకి వినపడని చప్పుడుతో ఎలుకల్ని తరుముతామని చెప్పే, ప్లగ్‌లో పెట్టే అల్ట్రాసోనిక్ యంత్రాల మీద మాత్రం డబ్బు తగలేయకండి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే అరవైకి పైగా తయారీదార్లకు, అమ్మకందార్లకు వాళ్లు చెప్పుకునేదానికి శాస్త్రీయ ఆధారం ఉండాలని హెచ్చరిక పంపింది. ఎలుకలు ఆ చప్పుడుకి కొన్ని రోజుల్లో అలవాటు పడిపోతాయి.

ఏ ట్రాప్ పెట్టినా కన్నం తెరిచి ఉంటే పని ప్రతి నెలా మొదటికే వస్తుంది. మన అపార్ట్‌మెంట్లలో ఎలుకలు వచ్చే దారులు ఎప్పుడూ ఉండేవే. బాల్కనీలో గ్యాస్ బండ పెట్టి ట్యూబుని లోపలికి తేవడానికి గోడకి కొట్టిన రంధ్రం. ఏసీ రాగి పైపు చుట్టూ సందు. సింకు కింద పైపు గోడలోకి వెళ్లే చోటు. బాత్రూం వెంటిలేటర్. మెయిన్ తలుపు కింద వేలంత ఖాళీ. గిన్నెలు తోమే స్టీల్ పీచుని సందులో గట్టిగా కుక్కి, పైన సిమెంటు పూయండి. ఒట్టి సిమెంటు పచ్చిగా ఉంటే తవ్వేస్తుంది, థర్మోకోల్, ఫోమ్ అయితే కొరికేస్తుంది, స్టీల్ పీచు మాత్రం పంటికి లొంగదు. గ్యాస్ ట్యూబు సాదా రబ్బరుదైతే ఎలుక కొరికే ప్రమాదం ఉంది. గ్యాస్ కంపెనీలు ఇచ్చే, లోపల స్టీల్ తీగ ఉన్న సురక్ష ట్యూబుకి మారండి. బియ్యం బస్తా నేల మీద ఉండకుండా మూత బిగుసుకునే డ్రమ్ములో పోయండి. రాత్రి సింకులో ఎంగిలి గిన్నెలు వదలకండి.

చచ్చిన ఎలుకని, పెంటని తీసేటప్పుడు పొడిగా చీపురుతో ఊడవకూడదు, దుమ్ము లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గ్లవ్స్ వేసుకుని, ఒక పాలు బ్లీచ్ పది పాళ్ల నీళ్లలో కలిపి చల్లి, అయిదు నిమిషాలు నాననిచ్చి, పేపరుతో తుడిచి, రెండు కవర్లలో కట్టి పడేయాలి. ఎలుక మూత్రం తగిలిన నీళ్లతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది కాబట్టి చేతికి కోతలుంటే ఇంకా జాగ్రత్త.

ఇంకా మిగిలాయా లేదా తేల్చుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. రాత్రి పడుకునే ముందు గోడ అంచునా, మూసిన కన్నాల దగ్గరా ముగ్గు పిండి పల్చగా చల్లండి. రాతి ముగ్గే వాడండి, బియ్యప్పిండి చల్లితే అది విందు అవుతుంది. పొద్దున్న ఏ చోట పాదాల గుర్తులు పడితే ఆ రాత్రి ట్రాపుల్ని అక్కడికి జరపండి. ఎక్కడా గుర్తు పడకుండా రెండు వారాలు గడిస్తే ట్రాపులు తీసి అటక మీద పెట్టేయవచ్చు.